ముల్లు ముందు పడిందా, ఇంజిన్ ముందు ఆగిందా? ఆటోనగర్‌లోని ఒక ఎలక్ట్రికల్ షెడ్డు గురించి

విశాఖపట్నం ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్ల వరుస దాటాక, బోర్డు లేని ఒక రేకుల షెడ్డులో కార్ల కరెంటు పని మాత్రమే చేసే మేస్త్రి గారు ఒకరున్నారు. ఉన్న బళ్ళకే సమయం చాలడం లేదని, తన పేరూ ఫోన్ నంబరూ ఎక్కడా రాయవద్దని ఆయన కోరినందున ఆ రెండూ ఇక్కడ ఉండవు; అక్కడి స్పేర్ పార్టుల దుకాణాల్లో "సెన్సర్ల మేస్త్రి" అని అడిగితే దారి చూపిస్తారు. మూడు వారాల పాటు ఎండలో ఆగిపోతూ, చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు నడుస్తూ వచ్చిన నా కారు రోగాన్ని ఆయన ఒక్క పూటలో, నా కళ్ళ ముందే, కొత్త సెన్సరుగాని కాయిల్‌గాని కొనిపించకుండా పట్టుకున్నారు. అంతకుముందు ఇదే రోగానికి నేను 9,400 రూపాయలు ఖర్చు పెట్టి, రోగాన్ని అలాగే ఇంటికి తెచ్చుకున్నాను. కాబట్టి ఆ పూట జరిగినది కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నాది 2014 నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. 86,000 కిలోమీటర్లు తిరిగింది. మే నెలాఖరులో ఒక మధ్యాహ్నం మధురవాడ నుంచి ఎంవీపీ కాలనీకి ఏసీ వేసుకుని వస్తుండగా హనుమంతవాక కూడలి దగ్గర, దగ్గూ తుమ్మూ లేకుండా, ఎవరో స్విచ్ కట్టేసినట్టుగా ఇంజిన్ ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే మోటారు బాగానే తిరిగింది గాని ఇంజిన్ అందుకోలేదు. పక్కకు తోయించి, అరగంట నీడపట్టున నిలబడి మళ్ళీ కొడితే మొదటిసారికే అందుకుంది. నాలుగు రోజుల తరువాత మద్దిలపాలెంలోనూ ఇదే జరిగింది. ఆ సాయంత్రం డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది.

నగరంలో అన్ని కంపెనీల బళ్ళూ చూసే ఒక పెద్ద గ్యారేజీకి తీసుకువెళ్ళాను. స్కానర్ తగిలించి, పీ0335 అనే లోపం కోడు వచ్చిందని, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ సెన్సరు పోయిందని, మార్చేస్తే సరిపోతుందని చెప్పారు. సెన్సరుకు 2,350 రూపాయలు అయింది. అక్కడితో ఆగకుండా, అనుమానం మిగలకూడదంటూ ప్లగ్గులకు నిప్పు అందించే కాయిల్ ప్యాక్‌ను 4,600 రూపాయలకు, ప్లగ్గులను 1,100 రూపాయలకు మార్చి, కూలి కింద 1,350 రూపాయలు వేశారు. ఏసీ గది, కాఫీ, అచ్చు బిల్లు అన్నీ ఉన్నాయి. వోల్టులూ ఓములూ కొలిచే మల్టీమీటరు మాత్రం ఎవరి చేతిలోనూ నాకు కనబడలేదు. తొమ్మిది రోజులు బండి చక్కగా నడిచింది. పదో రోజున భీమిలి నుంచి బీచ్ రోడ్డు మీదుగా వస్తూ ఋషికొండ దాటగానే, మూడో గేరులో ఉండగా, మళ్ళీ ఆగిపోయింది. మా వీధిలో ట్యాక్సీ నడిపే ఒకాయన ఆటోనగర్ షెడ్డు సంగతి చెప్పగా, టోయింగ్ బండికి 2,500 రూపాయలు ఇచ్చి ఆ రాత్రే అక్కడికి చేర్పించాను.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి వెళ్ళేసరికి మేస్త్రి గారు బానెట్ ఎత్తలేదు, స్కానర్ తియ్యలేదు. "బండి ఆగినప్పుడు ఆర్పీఎం ముల్లు ముందు పడిందా బాబూ, ఇంజిన్ ముందు ఆగిందా?" అని అడిగారు. ఆర్పీఎం ముల్లంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో డ్యాష్‌బోర్డులో చూపే ముల్లు; అయినా ఆ ప్రశ్న నాకు మొదట అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పినదాని ప్రకారం, పెట్రోలు అందక ఆగే బండి మూడు నాలుగు సార్లు కుదుపిచ్చి, శక్తి తగ్గి, నెమ్మదిగా చస్తుంది; ముల్లు దానితోపాటే దిగుతుంది. ఇంజిన్ ఎంత తిరుగుతోందో, దానిని నడిపించే కంప్యూటరైన ఈసీయూకు చెప్పే సంకేతమే పోతే, గేరులో ఉన్న బండి ముందుకు దొర్లుతూ ఇంజిన్‌ను ఇంకా తిప్పుతున్నా సరే, ముల్లు మాత్రం ఒక్కసారిగా సున్నా మీద పడి ఉంటుంది. ఋషికొండ దగ్గర నేను క్లచ్ తొక్కకముందే, బండి ఇంకా నలభై వేగంలో దొర్లుతుండగానే, ముల్లు కింద పడి ఉండటం చూసిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. గ్యారేజీలో ఈ మాట ఎవరూ అడగలేదు. అడగనందున నేనూ చెప్పలేదు.

ఆ సంకేతం గురించి రెండు మాటలు చెప్పాలి. పిస్టన్ పైకి చేరడానికి కొన్ని డిగ్రీల ముందు ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలి, తగిన క్షణంలో ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మాలి. ఇవన్నీ నడిపే ఈసీయూకు కళ్ళు లేవు. క్రాంక్‌షాఫ్ట్‌తోపాటు తిరిగే ఒక పళ్ళ చక్రాన్ని దాని పక్కనే మిల్లీమీటరు దూరంలో బిగించిన సెన్సరు తడుముతూ ఉంటుంది. నా బండిలోని చక్రం 60 పళ్ళ లెక్కన కోసినది; అందులో రెండు పళ్ళు కావాలనే లేకుండా చేస్తారు. ఒక్కో పన్నుకు ఆరు డిగ్రీలు. జపమాల తిప్పేవారి వేలికి మేరుపూస తగిలినట్టుగా, ఆ రెండు పళ్ళ ఖాళీ తగిలినప్పుడల్లా ఈసీయూ తన లెక్కను మొదటి నుంచి ఎత్తుకుంటుంది. మేరుపూస మాట అలా ఉంచి, అసలు పూసలే వేలికి తగలడం మానేస్తే లెక్క ఎక్కడుందో దానికి తెలియదు. అందుకని నిప్పూ పెట్రోలూ రెండింటినీ ఒకేసారి ఆపేస్తుంది. పాత అంబాసిడర్లలో డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లే తెరుచుకుంటూ మూసుకుంటూ నిప్పు పుట్టవలసిన వేళను నిర్ణయించేవని, తాను పదిహేనేళ్ళ వయసులో గేజు రేకుతో ఆ పాయింట్ల ఖాళీ సరిచేస్తూ ఈ పని నేర్చుకున్నానని మేస్త్రి గారు చెప్పారు. అప్పుడు రోగం కంటికి కనిపించేదట.

రాత్రంతా చల్లబడిన బండి ఆ ఉదయం మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. "జ్వరం ఉన్నప్పుడే చూడాలి, తగ్గిపోయాక చూస్తే ఏటి తెలుస్తది?" అంటూ ఆయన బానెట్ మూసి, ఏసీ వేసి, ఇంజిన్‌ను అలాగే వదిలేశారు. ఆ తీరికలో, గ్యారేజీవాళ్ళు విప్పి ఇచ్చిన పాత సెన్సరు నా డిక్కీలో ఉందని తెలిసి తెమ్మన్నారు. దాని రెండు పిన్నులకు మల్టీమీటరు తగిలిస్తే 870 ఓములు చూపించింది. తరువాత పక్క టీ బడ్డీ నుంచి ఒక గ్లాసుడు మరిగిన నీళ్ళు తెప్పించి, సెన్సరును పాలిథిన్ కవరులో చుట్టి, పిన్నులు పైకి ఉండేలా అందులో ముంచి మీటరు పట్టుకున్నారు. అంకె నిదానంగా 900 దాటి, 950 దాటి, వెయ్యికి కాస్త పైన నిలబడింది. రాగి తీగ వేడెక్కితే నిరోధం ఆ మాత్రం పెరగడం సహజమేనని, లోపల తీగ తెగిన సెన్సరైతే వేడికి అంకె ఎగిరి మాయమై చల్లారాక తిరిగి వస్తుందని చెప్పి, "దీనికేటీ అవనేదు బాబూ, దాచుకోండి" అని చేతికిచ్చారు. 2,350 రూపాయలు ఎక్కడికి పోయాయో నాకు ఆ టీ గ్లాసులో కనిపించింది.

నలభై నిమిషాలకు కాబోలు, ఇంజిన్ ఠక్కున ఆగింది. అక్కడి నుంచి ఆయన చేతుల్లో తొందర వచ్చింది, ఎందుకంటే చల్లారేలోగా అంతా చూసెయ్యాలి. ముందు బ్యాటరీ చూశారు: 12.4 వోల్టులు ఉంది, సెల్ఫ్ కొట్టినప్పుడు పదికి దిగలేదు. ఈ చూపు అనవసరం కాదు. బ్యాటరీ నీరసించి ఇంజిన్ నిదానంగా తిరిగితే అయస్కాంతంతో పనిచేసే ఈ రకం సెన్సరు పుట్టించే వోల్టేజీ కూడా తగ్గిపోతుంది. తాళం తిప్పగానే వెనుక సీటు కింద పెట్రోలు పంపు రెండు సెకండ్లు మోగి ఆగింది, అంటే పంపుకు, రిలేకు, ఈసీయూకు ప్రాణం ఉంది. సెల్ఫ్ కొడితే ముల్లు కదలలేదు. ప్లగ్గు వైపు నిప్పు లేదు. ఇంజెక్టరుకు వైర్లు కలిపే కప్లర్‌లో గుచ్చిన చిన్న బల్బు వెలగలేదు. స్కానర్ తెర మీద సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ ఆర్పీఎం సున్నాగానే ఉంది. నిప్పూ ఇంజెక్టరూ రెండూ ఒకేసారి చచ్చి, ఆర్పీఎం సున్నా అంటే, కాయిల్‌ను అనుమానించవలసిన పనే లేదు. ఆ రెండింటికీ పైన ఉన్నది ఒక్క ఆ సంకేతమే. కాయిల్ పోతే ముల్లు ఎప్పటిలాగే లేచి ఉండేది.

తరువాతి పరీక్షే ఈ షెడ్డుకు నేను ఇచ్చే మార్కులన్నిటికీ ఆధారం. ఆయన తాళం తీసి, బ్యాటరీ వైరు విప్పి, ఈసీయూ కప్లర్ ఊడదీసి, సెన్సరుకు సంబంధించిన రెండు పిన్నుల మధ్య ఓములు చూశారు. మీటరు ఏ అంకే చూపలేదు. దారి తెగి ఉంది. వెంటనే బండి కిందకు దూరి సెన్సరు దగ్గరి కప్లర్ విప్పి అక్కడ చూస్తే వెయ్యికి పైగా ఉంది. అంటే సెన్సరు బాగుంది, ఈసీయూ జోలికి పోనక్కరలేదు, తెగినది ఆ రెండింటి నడుమనున్న వైరులో. ఈ రెండు కొలతలకూ మూడు నిమిషాలు పట్టిందేమో. తరువాత కప్లర్‌ను తిరిగి సెన్సరుకు తగిలించి, మీటరును ఈసీయూ వైపు పెట్టి నా చేతికిచ్చి, అంకె వస్తే కేకేయమన్నారు. తాను వైరింగు కట్టను సెన్సరు నుంచి పైకి జానెడు జానెడు చొప్పున వంచుతూ వచ్చారు. బ్యాటరీ ట్రే కింద, ఇంజిన్ మౌంట్ పక్కన చెయ్యి పెట్టినప్పుడు అంకె వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది.

అక్కడ టేపు కోసి చూస్తే వైరు పై తొడుగు చూడటానికి బాగానే ఉంది. ఆయన నా వేళ్ళతో తడిమించారు. ఆ పొడవంతా పుల్లలా నిలబడిన వైరు ఒక్కచోట మాత్రం నానిన దారంలా మెత్తగా వంగింది. తొడుగు చీల్చగానే రాగి పోగుల బదులు పచ్చని చిలుము పొడిలా రాలింది. కట్టను బాడీకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఎప్పుడో విరిగిపోయిందట. ఇంజిన్ ఊగినప్పుడల్లా వైరు ట్రే అంచుకు రాసుకుని సన్నని గాటు పడింది, ఆ గాటులోంచి ఉప్పుగాలి లోపలికి పోయి పని పూర్తి చేసింది. రెండు వానాకాలాలకే బాల్కనీ గ్రిల్లు రేకులుగా లేచిపోయే ఎంవీపీ కాలనీలో ఉంటున్న నాకు ఇందులో వింత కనిపించలేదు. వేడికి తొడుగు మెత్తబడి పోగులు ఎడం కావడం, చల్లారాక మళ్ళీ తాకడం వల్లనే బండి అలా వేషాలు వేసింది. కొత్త సెన్సరు వేసిన తొమ్మిది రోజులు ఎందుకు నడిచిందంటే, కప్లర్ ఊడదీసి పెట్టేటప్పుడు కట్ట కదిలి పోగులు మళ్ళీ అతుక్కున్నాయి, అంతే.

మరమ్మతులో కూడా మెచ్చుకోవలసిన సంగతులున్నాయి. తెగిన చోట ముడి వేసి టేపు చుట్టకుండా, చిలుము పట్టినంత మేరా రెండు వైర్లనూ అడుగున్నర పొడవు తీసేసి కొత్తవి వేశారు. ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి పురి పెట్టి, చుట్టూ కవచంగా ఉన్న జాలీని ఒక్క కొసలోనే ఎర్త్ అయ్యేలా ఉంచారు. లేకపోతే కాయిల్ పక్క నుంచి వచ్చే గోల ఈ సన్నని సంకేతంలో కలుస్తుంది. సోల్డరింగ్ చెయ్యకుండా క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), లోపల జిగురున్న స్లీవును వేడిగాలితో బిగించారు. ఇంజిన్ దగ్గర ఎప్పుడూ ఊగే వైరుకు సోల్డరింగ్ చేస్తే అతుకు అంచున బిరుసెక్కి అక్కడే విరుగుతుందని ఆయన అనుభవం. చివరగా వోల్టేజీ ఎగుడుదిగుళ్ళను గీతగా చూపే, పెద్ద ఫోనంత ఆసిలోస్కోపు తగిలించి సెల్ఫ్ కొట్టించారు. తెర మీద వరుసగా గూనలు, మధ్యలో ఒక ఖాళీ, మళ్ళీ గూనలు. ఎత్తు ఒకటిన్నర వోల్టు. ఇంజిన్ అందుకోగానే ఆ గూనల ఎత్తు నాలుగింతలైంది. రెండు వైర్లు తారుమారైతే గూన తలకిందులై ఈసీయూ ఖాళీని పోల్చుకోలేక తికమక పడుతుందని, అందుకే ఓములు సరిపోయినంత మాత్రాన పని అయిందనుకోకూడదని చెప్పి, ఖాళీ దగ్గర అల ఎటు దిగుతోందో నాకు వేలితో చూపించారు. నిజం చెప్పాలంటే అది నాకు సగమే అర్థమైంది.

ఆ తరువాత కోడు చెరిపి, కూర్మన్నపాలెం దాకా వెళ్ళి వచ్చి, మళ్ళీ ఏసీతో నలభై నిమిషాలు నిలబెట్టి చూశాకే తాళం ఇచ్చారు.

పీ0335 గురించి నా అభిప్రాయం ఇక్కడే చెప్పడం మేలు. ఆ కోడు పూర్తి పేరులో సెన్సరు పక్కనే సర్క్యూట్ అనే మాట కూడా ఉంది. సెన్సరు, రెండు వైర్లు, రెండు కప్లర్లు, ఈసీయూ లోపలి భాగం, అన్నీ కలిసి ఆ సర్క్యూట్. కోడు వీధి పేరు చెబుతుంది. ఇంటి నంబరు మీటరు పెట్టి వెతుక్కోవలసిందే. ఆ వెతకడానికి కూలి అడగడం గ్యారేజీలకు మొహమాటం, ఇవ్వడం మనకు బాధ. భాగం మారిస్తే మాత్రం ఇద్దరికీ బిల్లులో ఏదో కనబడుతుంది. మేస్త్రి గారు 1,200 రూపాయలు వెతికినందుకే తీసుకున్నారు, వైరుకూ కూలికీ కలిపి మరో 700 రూపాయలు. దొరక్కపోతే 300 మించి తీసుకోనని మొదటే చెప్పారు కూడా. మొత్తం 1,900 రూపాయలు నాకు ఏ మాత్రం ఎక్కువ అనిపించలేదు.

సొంతంగా మీటరు పట్టుకునే అలవాటున్నవారికి ఒక హెచ్చరిక మాత్రం ఉంది. పైన చెప్పినదంతా రెండు వైర్ల అయస్కాంత సెన్సరుకే వర్తిస్తుంది. మూడు వైర్లున్న హాల్ సెన్సరుకు ఓములు చూడటం వల్ల ఏమీ తెలియదు. దానికి కరెంటు వస్తోందా, ఎర్త్ ఉందా, మూడో వైరులో సంకేతం ఎగిరిపడుతోందా అన్నది చూడాలి. ఈసీయూ వైర్ల మీద మామూలు టెస్ట్ ల్యాంపు పెట్టవద్దని మేస్త్రి గారు కొంచెం కోపంగానే అన్నారు. ఎవరి బండికో అలా జరిగినట్టుంది.

లోపాలు లేవని కాదు. ఫోను ఎత్తరు. ఉదయం తొమ్మిది దాటి వెళ్ళినవారి బండి మర్నాటికే పోతుంది. రేకుల కింద జూన్ ఎండలో కూర్చోవడానికి ఒక విరిగిన స్టూలు ఉంది, పక్క షెడ్డులో డెంటింగ్ సుత్తి మోత ఆగదు; పెద్దవాళ్ళను వెంట తీసుకువెళ్ళే చోటు కాదు. అచ్చు బిల్లు ఉండదు. కాగితం ముక్క మీద చేతిరాత, అందులోనూ చేసిన పని ఒక్క ముక్కలో ఉంటుంది. గ్యారంటీ అడిగితే "మళ్ళీ ఆగితే రండి" అన్నారు, దానిని రాతలో పెట్టలేదు. ఏప్రిల్ 2020 తరువాతి బీఎస్ 6 బళ్ళలో కొన్నిటికి తన స్కానర్ చాలదని, అలాంటివాటిని షోరూముకే పంపుతానని ఆయనే చెప్పారు. ఇవన్నీ లెక్కవేసి ఐదుకు నాలుగున్నర ఇద్దామనుకున్నాను గాని, ఆ ఫోను ఎత్తని అలవాటు వల్ల టోయింగ్ బండిలో గంటసేపు పడిన అవస్థ గుర్తుకొచ్చి నాలుగు దగ్గర ఆపాను.

నాలుగు నెలలు గడిచాయి. మధ్యలో ఒకసారి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్ళి వచ్చాము, దారిలో బండి ఎక్కడా మొరాయించలేదు. వెళ్ళదలచినవారు ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండండి. ఆదివారం షెడ్డు మూసి ఉంటుంది. బండి ఆగినప్పుడు ఏ గేరులో ఉన్నదీ, ముల్లు ఎక్కడ ఉన్నదీ రాసి పెట్టుకోండి. అంతకుముందు ఎవరైనా విప్పి ఇచ్చిన పాత సెన్సర్లు, కాయిళ్ళు ఉంటే పారెయ్యకుండా డిక్కీలో వేసుకు వెళ్ళండి, ఆయన ముందు వాటినే అడుగుతారు.